కుర్చీ మీద పెట్టినయి

చిన్నప్పటి సంది నా ఇంకో పేరు ఆగం.
బడిల చెప్పులు ఇడిశిపెట్టి వచ్చేదాన్ని,
పొయ్యి మీద పాలు పెట్టి చుక్కలు లెక్కపెట్టేదాన్ని.
నలభై ఒకటో ఏట హన్మకొండల డాక్టరమ్మ
కాయితం మీద నాలుగు ఇంగ్లీషు అచ్చరాలు రాసిచ్చింది.
బస్సుల కూసోని మంచిగ మడతపెట్టిన.
ఆ కాయితం ఇంట్లనే ఏడనో ఉన్నది.

కిషన్‌పురల రెండర్రల ఇల్లు మాది.
కుట్టు నేర్చుకుంటనని మిషిని కొన్నామె,
గ్రూప్ టూ రాస్తనని పదకొండు పుస్తకాలు తెచ్చినామె,
చేపల్ని పెంచుతనని అద్దాల తొట్టి మోసుకొచ్చి
నీళ్లు పొయ్యనే పొయ్యనామె,
అందరు నేనే,
కిరాయి కట్టకుంట అల్మారలల్ల ఉంటున్నరు.

సర్దుదామని ఒక డబ్బ తెరుస్త.
దాంట్ల తాళంచెవి దొరుకుతది.
తాళం ఏడున్నదని సజ్జ మీద దేవులాడుత.
సజ్జ మీద పేపర్ల చుట్టిన ఇత్తడి చెంబు,
ఆ పేపర్ల పదేండ్ల కిందటి వాన.
స్టూల్ మీద నిలవడే చదువుత
ఎవల ఇంట్లకు నీళ్లొచ్చినయో, ఎవల బర్రె కొట్టుకపోయిందో.
పొద్దు గూకుతది.
డబ్బ మాత్రం నోరు తెరుచుకొని
తెరిచినకాడనే ఉంటది.

కరీంనగర్‌ల ఉండే మా చెల్లె వనజ చెప్పింది:
"ఉంచుడా ఇచ్చుడా అని ఆలోచన చెయ్యకక్కా,
నువ్వు ఆలోచన చేస్తే అయిపాయె.
చేతికొచ్చింది చేతికొచ్చినట్టు గేటు బయట పెట్టు.
నేను ఫోన్ల ఉంట. మాట్లాడ, ఊకె ఉంట."
ఆమె అటు చిక్కుడుకాయలు తుంచుతాంటది,
టిక్కు టిక్కుమని ఇనవడతది.
ఆ చప్పుడు పట్టుకొని నేను ఇటు ఒక్కొక్కటి తీస్త,
కరెంటు పోయినప్పుడు గోడ పట్టుకొని నడిచినట్టు.

గేటు పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ,
దానికి ఒక అట్టముక్క:
ఎవలకన్న పనికొస్తె తీస్కపోండ్రి.

చేపల తొట్టి ఆటోల పోయింది,
ఎనుక సీట్ల ఇద్దరు పోరగాండ్ల ఒళ్లె కూసోని.
రజియా బీ మిషిని మీద చెయ్యేసి
"రేపు మళ్ల అడగవు గద?" అన్నది.
"రేపటికి నాకేం యాదుంటది" అన్న. ఇద్దరం నవ్వినం.
పుస్తకాలు తీస్కున్న పిల్ల మొదటి పేజీల నా పేరు చదివి
"ఏ ఏడు రాసిన్రు మేడం?" అన్నది.
రాయలేదని చెప్పనీకి నోరు రాలే.
హాల్‌టికెట్ పోయిందన్న.
అది మాత్రం నిజమే.

నీలం గొడుగును మూడుసార్లు పెట్టి
మూడుసార్లు లోపలికి తెచ్చుకున్న.
నాలుగోసారి వాన కొట్టింది.
నేను ఇంట్ల, గొడుగు బయట.

మిషిని సొరుగుల నా గోళీల డబ్బ కూడ పోయింది,
మతిమరుపు తగ్గనీకి రాసిన గోళీలు.
రజియా మరునాడు తెచ్చిచ్చింది,
దాంతోని గిన్నె నిండ సేమియా.
గిన్నెను ఖాళీగ ఎట్ల పంపుత?
ఏం చేసి పంపాల్నో తోచక
అదిగొ, అది కూడ ఇంట్లనే ఉన్నది.

తొమ్మిదో నాడు పొద్దుగాల చూస్తే
కుర్చీయే లేదు.
అట్టముక్కను బుద్ధిగ గోడకు ఆనిచ్చి పోయిండ్రు.
"అరె, అది ఇచ్చేది కాదే!" అని మొత్తుకున్న.
ఫోన్ల చిక్కుడుకాయలు ఆగి
నవ్వు మొదలైంది.

చౌరస్తల రాజమల్లు ఇస్త్రీ బండి.
పన్నెండేండ్ల సంది మా బట్టలు చేస్తున్నడు,
ఎన్నడు కూసోంగ చూడలే.
ఇయ్యాల బొగ్గులు రాజుకునేదాంక
ఎర్ర కుర్చీల ఎనుకకు ఒరిగి,
కాళ్లు జాపుకొని చాయ్ తాగుతున్నడు.
నన్ను చూసి లేవబోయిండు.
"ఏం గావాలె అమ్మా?"

అట్లనే జరసేపు నిలవడ్డ.
"కూసో, కూసో" అన్న.

ఇంటికొచ్చినంక చెల్లె అడిగింది, దొరికిందా అని.
ఎందుకు పోయిన్నో మర్శిపోయినే, అన్న.

మర్శిపోలే.