సగం చోక్

గిమ్లీ దగ్గర సరస్సు మీద
మైనస్ ఇరవై ఆరు.
తోర్డిస్ చేతిలో
నలభై డాలర్ల పాత ఐస్ డ్రిల్లు.

నిలవ పెట్రోలు పారబోసింది,
కొత్త ప్లగ్గు బిగించింది,
బ్లేళ్ళకి పదును పెట్టించింది.
అయినా తాడు లాగితే
ముసలి కుక్కలా ఒక్క దగ్గు, అంతే.

ఎనిమిదోసారికి నోటికొచ్చినట్టు తిట్టింది.

అప్పుడు కనబడింది
హ్యాండిల్ కింద, మసిబారిన టేపు మీద
ఎవరిదో పెన్సిలు రాత:
"చోక్ సగమే. తిట్టకు, వింటుంది."

చేతి తొడుగు పళ్ళతో లాగి
మీట సగానికి జరిపింది.
"సరేలే, తప్పయింది" అంది ఇనుముతో.

తొమ్మిదో లాగుకి
నీలిపొగ, గర్జన, మోకాళ్ళ దాకా వణుకు.
రెండడుగుల మంచు
కొబ్బరికోరులా లేచి పడింది,
ఆపైన నల్లటి నీళ్ళు గుబుక్కున.

ఇంకా గాలం వెయ్యలేదు.
అంచు లేస్తున్న ఆ టేపుని
బొటనవేలితో అదుముతూ కూచుంది.