క్లియరెన్స్ కాగితం

పొద్దున ఆరూ నలభైకే
సొహార్‌లో చొక్కా వీపుకి అంటుకునే ఎండ.
షెడ్డు కింద అసెంబ్లీ, జాతీయ గీతాలు రెండూ.
పద్నాలుగేళ్ళుగా మొదటిది పెదాలతో, రెండోది గొంతుతో పాడాను.
ఇవాళ రెండిట్లోనూ చివరి పాదం దగ్గర ఆగిపోయాను.
దుమ్ము, అన్నాను పక్కనున్నామెతో.

ఆఫీసులో ఒక కాగితం ఇచ్చారు.
పదకొండు గళ్ళు, పదకొండు సంతకాలు.
అన్నీ నిండితేనే ఆఖరి జీతం.
లెక్కల టీచర్నే, అయినా
ఒక చోటు వదలాలంటే
ఎన్ని చోట్ల సున్నా తేలాలో
ఇవాళే లెక్కపెట్టాను.

లైబ్రరీలో శోశమ్మ కళ్ళజోడు పైకి తోసి
రెండువేల పదమూడు నాటి పుస్తకం ఒకటి రావాలంది.
అది ఎక్కడుందో నాకు తెలుసు.
నాన్న ఉద్యోగం పోయి, ఫిబ్రవరిలో,
యూనిట్ టెస్ట్ ముందు రోజు రాత్రి వెళ్ళిపోయిన
హంసిని సంచిలో ఉంది.
నా పేరు మీద తీసి నేనే ఇచ్చాను.
చెప్పలేదు. రెండు రియాళ్ళు కట్టాను.
ఆ పిల్లని ఎవరూ ఏ కాగితమూ అడగలేదు.
హాజరు పట్టీలో పేరు మీద గీత కొట్టింది నేనే.
స్కేలు పెట్టి కొట్టాను.

స్టోరులో చెక్క వృత్తలేఖిని అప్పగించాను.
మర వదులుగా ఉందే అన్నాడు షహీదుల్.
నేను వచ్చేనాటికే వదులు.
సగం తిరిగేసరికి జారేది.
పద్నాలుగేళ్ళు కోడిగుడ్లు గీసి
"ఇది వృత్తం అనుకోండి" అన్నాను.
అనుకున్నారు పాపం. పాసయ్యారు కూడా.

ఎనిమిది-బి లో ఆఖరి పీరియడ్.
ఏదో చెప్పాలని రాత్రి అద్దం ముందు అనుకున్నవి
అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు.
మిగిలిన మూడు లెక్కలు చేయించాను.
"సలాలాలో రోజంతా వాన పడుతుందా మిస్?"
ఇక్కడే పుట్టిన రుహాన్ అడిగాడు.
వానకి బడికి సెలవిచ్చిన రెండు రోజులే వాడికి తెలిసిన వాన.
తుంపర, అన్నాను. గొడుగు అక్కర్లేనంత.
వెంటనే ఇంకొకడు లేచి
పన్నెండు వందల కిలోమీటర్లు, గంటకి వంద చొప్పున బస్సు,
మధ్యలో రెండు చోట్ల ఆగితే, అని మొదలెట్టాడు.
బల్ల మీద చేయించాను.
జవాబు కరెక్టే. టిక్కు పెట్టాను.

పది సంతకాలయ్యాక
నీళ్ళ కూలర్ దగ్గర నాగూర్ బీ ఆపింది.
మూడో నంబరు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే మనిషి.
కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఇంతమందివి ఉండాయే మేడమ్, నాది వొద్దా?"

మూడేళ్ళ కిందట జీతం రోజున
బొటనవేలి నీలం సిరాని కొంగుకి తుడుచుకుంటూ కనబడింది.
ఆ సాయంత్రం నుంచే,
వాడేసిన జవాబు పత్రాల వెనక, పాంట్రీలో.
ముందు సున్నా గీయించాను.
దానికి తలకట్టు పెడితే ర, అన్నాను.
"అయితే మా రాయచోటి వచ్చేసినట్టే గదా!"
అంత గట్టిగా నవ్విందేమో
ప్రిన్సిపాల్ తలుపు తీసి చూశాడు.

కాగితం వెనక్కి తిప్పి గోడకి ఆనించాను.
నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుని రాసింది.
గూ కి కొమ్ము చాల్లేదు, గు అయింది.
ఎర్ర పెన్ను సంచిలోనే ఉంది.
ఉండనిచ్చాను.
"బాగుందా?" అంది.
నీ పేరే కదా, నువ్వే చెప్పు, అన్నాను.
చాలాసేపు చూసుకుంది. ఈలోగా బస్సు హారన్ కొట్టింది.
పరిగెత్తింది. వెళ్ళొస్తానని నేనూ అనలేదు,
వెళ్ళిరండని ఆమే అనలేదు.

అకౌంట్స్‌లో కురువిళ పదకొండో గడిలో సంతకం చేసి
కాగితం తిరగేశాడు.
"ఇదేంటి?"
పన్నెండోది.
"ఫారంలో పన్నెండో గడి లేదు."
అందుకే వెనక, అన్నాను.

నాకొక జిరాక్స్ కావాలన్నాను.
రెండు వైపులా.
రెండో వైపుకి పాతిక బైసాలు ఎక్కువ తీసుకున్నాడు.