రెండు మార్కులు

ఆ ఏడాది ఎనిమిది మంది కోచ్‌లం వెళ్ళాం ఆ ఇంటికి,
ఒకరి కారు కదిలాక ఒకరం.
నేను ఆరోవాణ్ణి.
గల్ఫ్ తీరాన, ఆల్చిప్పలు పరిచిన దారి,
టైర్ల కింద కరకర.
రొయ్యల షెడ్డు నుంచి అప్పుడే వచ్చిన వాళ్ళమ్మ వెర్లీన్
రెండుసార్లు చేతులు కడుక్కుని కూడా
షేక్‌హ్యాండ్‌కి వెనకాడింది.

కుర్రాడు డెజార్విస్ పెట్టవే.
గుమ్మంలో నిలబడితే వెనకున్న టీవీ కనపడలేదు.
ఏమైనా రాస్తావా అని అడిగితే
లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చాడు,
వాళ్ళ తాత ఆల్చిప్పలు తెరిచే కత్తి గురించి.
"తొందరపడే కత్తి ఆల్చిప్పని కాదు, చేతిని తెరుస్తుంది."
ముప్ఫై ఏళ్ళుగా కుర్రాళ్ళ భుజాలు కొలిచేవాణ్ణి,
ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

మా విన్‌స్లోలో అడ్మిషన్ల గది మూడో అంతస్తు.
మిస్ హాథర్లీ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
ఆ వాక్యం చదివింది, బాగుందంది, నిజంగానే అంది,
తర్వాత ఆల్జీబ్రా చూసింది.
రెండు మార్కులు.
"ఒకరికి గేటు తీస్తే, ఎమెట్..." అని ఆపేసింది.
ఆవిడ చెడ్డది కాదు.
నేను మాత్రం బతికేది గీతల మీద కాదూ?
బొటనవేలు సుద్దకి తగిలిందా, అవుట్.

కహాబా స్టేట్ వాళ్ళు ఆ సాయంత్రమే సంతకం పెట్టించుకున్నారు.

డబ్బంటారు అందరూ. ఉంది, కాదనను.
వాళ్ళ హెడ్ కోచ్ జీతంలో
మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ మొత్తం కూర్చుని భోంచెయ్యొచ్చు.
కాని ఆ ఊరు చూశారా మీరు?
బట్టల మిల్లు మూతపడింది. రైలు ఆగడం మానేసింది.
ఆసుపత్రిలో పురుళ్ళు పొయ్యడం కూడా ఆపేశారు.
శనివారం ఒక్కటే మిగిలింది వాళ్ళకి,
దాన్నే ఇస్త్రీ చేసి తొడుక్కుంటారు.
మందుల షాపు ముసలాయన మధ్యాహ్నానికే షట్టరు దించేస్తాడు,
పాస్టరు రేపటి ప్రసంగానికి గొంతు మిగుల్చుకోడు.
మాకో, శనివారం చాలా పనుల్లో ఒక పని.
ఆట బిగిసిన క్షణాన
మా స్టాండ్స్‌లో ఎవరో పుస్తకంలో పేజీ తిప్పుతారు.
ఇష్టం లేక కాదు.
ఓడినా పోయేదేమీ లేక.

మరుసటేడు నవంబరు. వాళ్ళ మైదానం. నలభై ఎనిమిది, ఆరు.
డెజార్విస్ సరిగ్గా కనపడనే లేదు నాకు,
వాడు వెళ్ళిన దారి కనపడింది,
పొడుగునా మావాళ్ళు
గడ్డి మీద పక్కలేసుకున్నట్టు.
చివరి పావులో, మాతో వచ్చిన రెండొందల మంది విద్యార్థులు లేచి
చప్పట్లు కొడుతూ అరిచారు:
"ఫరవాలేదు, ఫరవాలేదు,
రేపు మీకు జీతాలిచ్చేది మేమే!"
కడుపు నిండినవాళ్ళ నవ్వు.
ఎదురు స్టాండ్స్‌లో ఎక్కడో వెర్లీన్ ఉంది,
ఆ వైపు తలెత్తలేదు నేను.

చేతులు కలిపే వరసలో వాడొచ్చాడు,
చంకలో హెల్మెట్, కనుబొమకి గడ్డిపరక.
"సార్, ఆల్జీబ్రా పాసయ్యాను. వేసవిలోనే."
ఎగతాళి కాదు,
ఇంటికొచ్చి చెప్పినట్టు చెప్పాడు.
ఎన్ని మార్కులని అడగబోయి
నాలుక కరుచుకున్నాను.

బస్సులో లైట్లు ఆర్పేశారు.
మా హల్వర్సన్ మోకాలికి ఐసు కట్టుకుని
ఫోను వెలుగులో ఆర్గానిక్ కెమిస్ట్రీ,
సోమవారం పొద్దున్నే పరీక్ష.
రెండు వేళ్ళు కలిపి టేపు చుట్టిన చేత్తోనే పెన్సిల్ పట్టాడు.
వాడంటే కూడా నాకు ప్రాణమే, అదీ చెప్పుకోవాలి.
"కోచ్, ఎక్కడ తప్పిందో చూడరూ" అన్నాడు.
కాగితం తీసుకుని చాలాసేపు చూశాను,
ఏమీ తెలియకపోయినా.

నా కారు అరలో ఇంకో కాగితం ఉంది,
పెట్రోలు రసీదుల కింద, మడతల దగ్గర చిరుగుతూ.
ఆ కుర్రాడికి ఇంకా
తిరిగివ్వలేదు.