అనుకోవడం

ఈరీ సరస్సు మీంచి వచ్చే మంచు
అడ్డంగా కురుస్తుంది.
గొడుగు ఎవరూ వాడరు. నేను ఒక వారం వాడి మానేశాను.

పొద్దున ఐదింటికి ముసలి సిస్టర్ల వార్డు.
పదకొండు మందికి జావలాంటి ఓట్స్,
ఇద్దరికి చెంచాతో పట్టాలి.
తొమ్మిదింటికి అవే చేతులతో, సబ్బు వాసన పోకముందే,
మూడో అంతస్తులో ఫిలాసఫీ.
వార్డులో చేస్తే సగం ఫీజు.
ముప్ఫై నాలుగేళ్ళదాన్ని,
మొదటిరోజు పిల్లలు నన్నే టీచరనుకుని
సిలబస్ కాగితం అడిగారు.

ఆ అంతస్తులో ఉన్న ఒక్క మగాళ్ళ బాత్రూంలో
గోడకున్న తెల్లటి పింగాణీ తొట్టిలో
ఎవరో జెరేనియం నాటారు.
ఎర్రగా పూస్తోంది.
మర్నీ ష్వాబ్ నన్ను చెయ్యిపట్టి తీసుకెళ్ళి చూపించింది,
ఫిరంగిపురం వచ్చిన చుట్టాలకి
మేం కొండమీది గుడి చూపించినంత శ్రద్ధగా.

మా జ్ఞానోపదేశం పుస్తకంలో
ప్రశ్నా ఉండేది, కిందనే జవాబూ ఉండేది.
ఆదివారం పూజ అయ్యాక వరండాలో బాసింపట్లు.
దేవుడు ఎక్కడున్నాడు? అనేవాడు ఉపదేశి.
అంతటా ఉన్నాడు! నలభై గొంతులు ఒక్కటై.
అక్షరం జారితే బెత్తం.
ఇంటర్లో బోటనీ కూడా అంతే,
దేవుడి బదులు పత్రహరితం.

సిస్టర్ లియోకాడియాకి ఎనభై ఒకటి.
చెవి మిషను తీసి బల్లమీద పెట్టిందంటే
క్లాసు అయిపోయినట్టు.
అక్టోబరులో ఒక బుధవారం
ఒక పేరా చదివి, పుస్తకం మూసి
నా వైపు తిరిగింది.
శౌరీలూ, నువ్వేమనుకుంటున్నావు?

చెప్పాను.
రాసినాయన ఇలా అన్నాడు,
ముందుమాటలో ఇంకొకాయన అలా అన్నాడు.
అది నేనూ చదివాను, అంది.
నువ్వు?

రేడియేటరు టంగుమంది.
పక్కన పబిత్రా పెన్ను తిప్పడం ఆపేసింది.
లోపలికి వెళ్ళి చూద్దును కదా,
ఉపదేశి, మా పెద్దమ్మ, హాస్టల్ వార్డెనమ్మ
అందరూ కుర్చీలేసుకుని కూర్చునున్నారు.
నాకే చోటు లేదు.
తెలీదు, అన్నాను.
మంచిది. శుక్రవారానికి నాలుగు పేజీలు.

ఆ రాత్రి బట్టలుతికే మిషను ముందు
క్వార్టర్లు లెక్కపెట్టుకుంటూ
ఆవిడ ఇంగ్లీషు ప్రశ్నని తెలుగులోకి తిప్పి చూశాను.
అనుకోవడం.
వస్తావనుకున్నా, వానేమో అనుకున్నా, నిద్రపోయావనుకున్నా,
రోజుకి వందసార్లు వాడే మాట,
ఒక్కసారీ మడత విప్పలేదు.
అనడం, తనకి తను.
అంటే లోపల ఒకత్తి అనాలి,
ఒకత్తి వినాలి.
ముప్ఫై నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్న ఆ ఇద్దరికీ
నేను పరిచయం చెయ్యనేలేదు.
మిషను ఆగింది. ఇంకో క్వార్టరు అడిగింది.

నాలుగు పేజీలు రాలేదు, రెండున్నర.
'అంటారు' అన్న ప్రతిచోటా
మార్జిన్లో పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చింది.
పదిహేడు.
ఇక్కడ జనవరిలో సరస్సు గడ్డకడితే
చిల్లు పెట్టి, స్టూలు వేసుకుని,
గాలం వదిలి గంటలకి గంటలు కూర్చుంటారు మనుషులు.
పిచ్చివాళ్ళనుకున్నాను బస్సులోంచి.

ఇవాళ పొద్దున ఓట్స్ కలుపుతుంటే
పాత ప్రశ్న ఊరికే వచ్చింది,
దేవుడు ఎక్కడున్నాడు?
నలభై గొంతులూ లేచాయి, వాటికి అలవాటు.
అయ్యేదాకా ఆగాను.
గరిటె గిన్నెకి తగిలిన చప్పుడు.
ఆ తర్వాత సన్నగా, బొంగురుగా,
ఎవరో ఏదో అనబోయేంతలో
సిస్టర్ అగాథా
చెంచా కోసం నోరు తెరిచింది.