ముడి పడని పోగు

ఐతారం పొద్దుగాల డబ్బ బిగించి పోయిండు,
కొత్తవాడల, మా మగ్గం అర్ర కిటికీ పక్కన.
"ఐదు నిమిషాలల్ల ఒస్తది అక్కా" అన్నడు.
ఆ ఐదు నిమిషాలు
బుధారం దాక నడిచినయి.

డబ్బకు నాలుగు కండ్లు.
మూడు మూసుకున్నయి.
నాలుగోది ఎర్రగ,
చీకట్ల ఎవరో తెల్లందాక
బీడి పీలుస్తున్నట్టు,
వెలుగుడు, ఆరుడు, వెలుగుడు.

ఫోన్ చేసిన.
తెలుగు కోసం రెండు నొక్కమన్నది, నొక్కిన.
ఇంగ్లీషుల మాట్లాడింది.
మీ కాల్ మాకు ఎంతో విలువైనదన్నది,
ఎంతనో చెప్పలె.
తర్వాత పాట పెట్టింది.
ఆ పాట అయ్యేలోపట
జానెడు జంపఖాన నేసిన.

ఆఖరుకు ఒక పిల్లగాడు, గొంతు నిండ నిద్ర:
"ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడం."
"ఏడుసార్లు చేసిన తమ్మీ."
"ఇంకొకసారి చేయండి మేడం."
వాని తప్పేం లేదు.
వాని ముందట గూడ ఒక గళ్ళ కాగితం ఉండొచ్చు
మా డిజైన్ కాగితం లెక్క,
గడి దాటి పోగు వెయ్యనియ్యరు.

ఫిర్యాదు నెంబరు పన్నెండు అంకెలు.
కరెంటు బిల్లు వెనుక రాసుకున్న.
లైన్‌మన్ రాజ్‌మహ్మద్‌కు చేస్తే
కాశిబుగ్గల ఉన్ననన్నడు,
గంటకు పోచమ్మమైదాన్‌ల,
మాపటికి ములుగు రోడ్డు ఎక్కిండు.
మా గల్లీ ఒక్కటి తప్ప
ఊరంత తిరిగిండు పాపం.

పుణె షావుకారు నలభై అడిగిండు.
రంగు వీడియోల చూడంది కొననన్నడు.
ఫోన్ల సిగ్నల్ గల్లీ మలుపు కాడ ఒస్తది,
మగ్గం కాడ రాదు.
మగ్గాన్ని మలుపు దాక ఎట్ల మోస్త?

కండెల గంప ఇయ్యనీకె ఒచ్చింది యాకమ్మవ్వ.
ఒక కన్ను మసక, రెండోది అరువు అద్దాలది.
"ఏందే బిడ్డా, ఆ ఎర్ర మినుకుడు?"
చెప్పిన. అంత చెప్పిన.
డబ్బ దిక్కు చూడనే లేదు అవ్వ,
తీగె పట్టుకున్నది.
మిగిలిన తీగెను కిటికీ ఊచకు
మేక పలుపు లెక్క బిగియ గుంజి
మొలకు మడిచి పోయిండు ఆ పిలగాడు.
పడుగుల తెగిన పోగు దేవులాడినట్టు
కండ్లు మూసి వేళ్ళు జరిపింది, జరిపింది,
ఆగింది.
"దీని గొంతు పిసికిండే."

తెగిందేమో, ముడేద్దామా అన్న.
అని, నాకే యాదికొచ్చి
"లోపల అద్దం పోగట అవ్వా, ముడి పడదట" అన్న.
అరవై ఏండ్లు ముళ్ళేసిన చెయ్యి
తీగె మీదనే ఉండిపోయింది.
"ముడి పడని పోగుతోని
ఎట్ల నేస్తున్రే లోకాన్ని?"
నా కాడ జవాబు లేకుండె.

ఇద్దరం కూసోని విప్పినం.
తాంబాళమంత గుండ్రంగ చుట్టి
పాత చీర పేలికతోని
రెండు మొలలకు వదులుగ ఏలాడేసినం.
ఎర్ర కన్ను ఓపారి కొట్టుకున్నది.
ఇంకోపారి.
పచ్చ.

ఎగిరి గంతేసిందేం లేదు.
కిటికీ కాడ ఒస్తున్నది, మగ్గం కాడ రాదాయె,
నడుమ ఇనుప బీరువ నిలవడ్డది.
ఇద్దరం దాన్ని గుంజితే
షాబాద్ బండ మీద పొడుగు గీత పడ్డది,
ఇప్పటికి గూడ ఉన్నది.
షావుకారు చూసి ఎరుపు జర ముదురు అన్నడు,
ముప్పై తీసుకున్నడు.
పది అటక మీద ఉన్నయి.

శుక్రారం ఫోనొచ్చింది.
మీ సమస్యను మా సిబ్బంది పరిష్కరించారు,
పదికి ఎన్ని మార్కులు ఇస్తారు?
ఫోన్ తీస్కపోయి అవ్వ చెవుకు పెట్టిన.
చాన సేపు విన్నది, చరఖా ఆపకుండ.
"మార్కులు గాదు బిడ్డా,
కండెకు ఎంతిస్తరో చెప్పు" అన్నది.

అవతల
పాట మొదలైంది.