నష్టం అనే గడి

మా కౌంటీలో మనుషుల కంటే ఆవులు ఎక్కువ.
ఎగతాళి కాదు, జనాభా లెక్కల్లో ఉన్నదే.
విపత్తుల అధికారి అంటే నేనొక్కదాన్నే.
వారానికి పద్దెనిమిది గంటల జీతం,
మిగతా వేళల్లో గోధుమ లారీలు తూస్తాను.

అయిదేళ్లకోసారి ప్రణాళిక తిరగరాయాలి,
లేదంటే పైనుంచి పైసా రాలదు.
అందుకే ఈ ఫిబ్రవరిలో, బుసకొట్టే హీటరు పక్కన,
కోర్టు నేలమాళిగలోంచి మోసుకొచ్చిన అట్టపెట్టెలు.
తేదీ. రకం. మృతులు. నష్టం, డాలర్లలో.
ఎంతటి ప్రళయమైనా
ఈ నాలుగు గళ్లలో కాళ్లు ముడుచుకుని పడుకోవాల్సిందే.

జూన్, యాభై ఏడు. వడగళ్లు. మృతులు సున్నా. నష్టం సున్నా.
ఆ సున్నా పట్టుకుని లియోటా బ్రాండ్‌వోల్డ్ దగ్గరికి వెళ్లాను.
ఎనభై నాలుగేళ్లు. చెవులు పోయాయి గాని నోరు పోలేదు.
"ఆరువందల టర్కీ కోళ్లు," అంది,
"పావుగంటలో.
మా నాన్న మూడు రోజులు ఈకలు పీకాడు,
ఎవరైనా కొంటారేమోనని.
నాలుగో రోజు చేతులు కడుక్కుని
పొలం కాగితాలు బయటికి తీశాడు.
నష్టం ఎవరికి చెప్పాలి? ఎవడడిగాడు?"
నేనడిగాను, ఒక జీవితకాలం ఆలస్యంగా.
కోడి ధర ఎంతో ఆమెకు గుర్తులేదు.
గడికి అంకె కావాలి. కోడికి మూడు డాలర్లు వేశాను.
దొంగ లెక్క రాసినట్టు చెయ్యి వణికింది.

దాణా కొట్టు గుమ్మానికి పెన్సిలు గీతలున్నాయి,
కొన్ని వరద ఎక్కిన ఎత్తులు,
కొన్ని పిల్లలు ఎదిగిన ఎత్తులు.
ఒకచోట రెండూ కలిశాయి:
'నీళ్లు, అరవై అయిదు'. 'డువేన్, ఆరేళ్లు'.
గుమ్మానికి రంగు వేయిద్దామనుకుంటూ
యజమాని పదేళ్లుగా వాయిదా వేస్తున్నాడు.
అతనే డువేన్.

వందేళ్ల వరద అంటారు. నాకు యాభై మూడు, రెండు చూశాను.
ఇంజినీరు కుర్రాడు ఓపిగ్గా విడమరిచాడు:
అది నూరు ముఖాల పాచికట, ఏటా కొత్తగా వేస్తారట,
పోయిన పందెం పాచికకు గుర్తుండదట.
బీమా కంపెనీకి బాగా గుర్తుంటుంది, అన్నాను.

చివరికి కంప్యూటరు ర్యాంకులిచ్చింది.
సరస్సు గట్టు మీద ఏడు వేసవి బంగళాలు: ముప్పు అత్యధికం.
ఊరికి దక్షిణాన, వాగు పల్లంలో,
మాంసం ఫ్యాక్టరీ వాళ్లుండే ఇరవై మూడు ట్రెయిలర్లు: ముప్పు స్వల్పం.
నా వేలే తప్పిందేమోనని మళ్లీ నొక్కాను.
తప్పలేదు. ట్రెయిలరు ఖరీదు తక్కువ,
కాబట్టి పోయేదీ తక్కువ.
మృతుల గడిలో ఇంకా ఎవరూ చేరలేదు.

రాత్రి డ్యూటీ దిగొచ్చిన యులాలియా పాస్కువాల్
బూట్లయినా విప్పకుండా తలుపు తీసింది.
సుడిగాలి వస్తే ఎక్కడికి పరిగెత్తుతారు?
లాండ్రీ గది చూపించింది.
అక్కడ సిమెంటు గోడలున్నది దానికొక్కదానికే.
"రాత్రి పదింటికి తాళం వేస్తారు," అంది.
"సుడిగాలి పదిలోపు వస్తే పర్లేదు."
నవ్వుతోందో లేదో తేల్చుకోలేకపోయాను.

స్థలం యజమాని గంటసేపు గొణిగి తాళంచెవి ఇచ్చాడు.
హార్డ్‌వేర్ కొట్లో ఇరవై మూడు చేయించాను.
ప్రణాళికలో ముప్పై ఒకటో చర్య: తాళంచెవులు.
ఖర్చు: అరవై తొమ్మిది డాలర్లు.
వెయ్యికి తక్కువైతే ఆ గడి ఒప్పుకోదు, ఎర్రబడుతుంది.
ఎర్రగానే వదిలేశాను.

నెలకో బుధవారం, మధ్యాహ్నం, సైరన్ పరీక్ష.
ఇవాళ దక్షిణపు గాలి.
ఆఫీసు అద్దాలు అదిరాయి,
ఊళ్లో కుక్కలన్నీ రాగం ఎత్తుకున్నాయి.
అవి సద్దుమణిగాక యులాలియాకి ఫోన్ చేశాను.
వినిపించిందా?

"ఏది?" అంది.