రసీదు పుస్తకం

మా సంఘానికి భవనం లేదు.
కిసుము బస్టాండు వెనక, దర్జీ కొట్టు పైన
నెలకో శనివారం అద్దెకిచ్చే గది,
పదమూడు కుర్చీలు, అందులో ఒకటి కుంటిది.
కింద మిషన్లు టకటకా కుడుతుంటే
పైన మేం గుండెల గురించి మాట్లాడుకుంటాం.

నేను కోశాధికారిని.
ఏడేళ్లుగా ఈ నీలం అట్ట పుస్తకం నా సంచిలోనే,
ఎండు ఒమేనా చేపల పొట్లం పక్కన.
అందుకే మా లెక్కలకి సరస్సు వాసన.

సభ్యత్వం ఏడాదికి అయిదు వందల షిల్లింగులు.
ఒక్కసారి ఇవ్వలేనివాళ్లు రెండు విడతల్లో,
అదీ కుదరనివాళ్లు కుర్చీలు సర్దుతారు.
ఎకో తీసేవాళ్లు, ఈసీజీ కాగితం చింపేవాళ్లు,
ఆపరేషన్ బల్ల పక్కన
రక్తాన్ని యంత్రంలో తిప్పే ఒకే ఒక్క న్యాంగ్వేసో.
డాక్టరు పేరు తలుపు మీద ఉంటుంది.
మా పేర్లు ఉండే చోటు ఇదే.

ఖర్చుల పేజీ చదువుతాను, వినండి.
ప్రోబు తీగకి అతుకు, మూడు వందలు.
జెల్ డబ్బాలు ఇరవై, సియాయా ఆస్పత్రికి అప్పు.
తిరిగి రాలేదు. మేమూ అడగలేదు.
అపోండి కుడి భుజానికి మర్దన, ఆరు వారాలు:
పదహారేళ్లుగా పరాయి పక్కటెముకల సందుల్లో
ప్రోబు నొక్కి నొక్కి అరిగిన భుజం.
గుండె ఎవరిదైనా నొప్పి మాత్రం ఆమెదే.

మార్చి పేజీలో ఒక కవరు అంటించి ఉంది.
అందులో ఒచోలా వెనక్కి పంపిన సభ్యత్వ కార్డు.

మాలో చిన్నవాడు. అప్పుడప్పుడే చేయి తిరుగుతున్నవాడు.
ఆరోజు వరసలో నలభయ్యోది, తొమ్మిదేళ్ల పిల్ల.
గొంతునొప్పి పోయి కీళ్లనొప్పులు వచ్చాయంది వాళ్ల అమ్మమ్మ.
తెర మీద ఎరుపు వెలిగింది,
కవాటం సందులోంచి వెనక్కి తన్నిన
సన్నటి నీలి జాడ కూడా వెలిగింది,
ఒక రెప్పపాటు.
అదే రెప్పపాటు ఒచోలా కూడా రెప్ప వేశాడు.
కాగితం మీద 'సాధారణం' అని రాశాడు.

మళ్లీ వచ్చేసరికి ఆ పిల్ల
పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతోంది.
నైరోబీలో పడక దొరికిందని ఫోను వచ్చిన రోజున
ఆ పడక అవసరం తీరిపోయింది.

శనివారం ఎవరం నోరు విప్పలేదు.
కరెంటు పోయింది, కింద మిషన్లు కూడా ఆగిపోయాయి.
అపోండి నా చేతిలోంచి పుస్తకం లాక్కుని
చివరి కాగితం చింపి, ఎడంచేత్తో
వంకరటింకరగా ఒక సంవత్సరం రాసింది,
ఒక కవాటం, ఒక మనిషి పేరు.
కాగితం పక్కకి జరిపింది.
అది గది చుట్టూ తిరిగింది.
న్యాంగ్వేసో రాయలేదు.
"నాకు ఈ కాగితం చాలదు" అని మెట్ల మీదికి వెళ్లి
సిగరెట్టు వెలిగించాడు.
నేనేం రాశానో చెప్పను.

నీ తప్పు లేదని మాత్రం ఎవరూ రాయలేదు.
ఇకనుంచి పిల్లల బొమ్మలు ఏవైనా
రెండో జత కళ్లు చూడకుండా కాగితం బయటికి పోకూడదని
ఆ చీకట్లోనే తీర్మానం చేశాం.
ఆ రెండో జత కళ్లకి
రాత్రిపూట ఫోను ఖర్చు సంఘానిది.

కాగితం నేనే పట్టుకెళ్లాను, కొండెలేకి, వానలో.
బోడాబోడా వాడు నూట యాభై అడిగాడు. రాసుకున్నాను.
ఒచోలా గుమ్మంలో బూట్లు కడుగుతున్నాడు,
శుభ్రంగా ఉన్న బూట్లనే.
చదివాడు. మడిచాడు. మళ్లీ విప్పి చదివాడు.
చాలాసేపటికి అడిగాడు:
"ఈ నెల జెల్ వచ్చిందా?"
"సగమే వచ్చింది" అన్నాను.

జూన్‌లో వచ్చాడు. కుంటి కుర్చీ ఏరుకున్నాడు.
చిల్లర నాణేలు లెక్కపెట్టి బల్ల మీద పోశాడు.
నలభై తక్కువ. నేనేమీ అనలేదు.
రసీదులో పేరు రాశాను, తేదీ రాశాను.
'దేని నిమిత్తం' అన్న గడి దగ్గర
కలం కాసేపు ఆగింది.
కింద ఎవరో చినిగిన యూనిఫారం తెచ్చినట్టున్నారు,
మిషను మొదలైంది.
'పొడిగింపు' అని రాశాను.